అప్పీలు వాపసు తీసుకుంటె ఏం మిగులుతది?

(భూసేకరణ కేసుల్లో ఇరుక్కున్న రైతులు, విద్యార్థులు, ఉద్యోగులు కలిసి నల్లగొండలో పెట్టుకున్న సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నాకంటె ముందు మాట్లాడిన వకీళ్లు చట్టం బాగా చెప్పిన్రు. నేను వకీలును కాదు. డిగ్రీ చదివి పత్రికల పనిచేస్తున్న మనిషిని. ఉద్యమంల మీతోని కలిసి రోడ్ల మీద కూచున్నోన్ని. వార్తల కోసం కోర్టు వరండాల్ల నిలబడి కొంత నేర్చుకున్న. మా ఇంట్ల దెబ్బ తిని ఇంకొంత నేర్చుకున్న. ఆ దెబ్బ ముచ్చటతోనే మొదలుపెడత.

మా పెద్దబాపుకు కాలువల నాలుగెకరాలు పోయింది. ఆఫీసరు కట్టిచ్చిన ధర తక్కువని కోర్టుకు పోయిండు. సివిల్ కోర్టు ధర పెంచింది. అయినా ఊళ్లె అమ్మకాలు జరిగిన ధరకు అది సరిపోలేదు. ఇంకా పెంచాలని పెద్దబాపు హైకోర్టుల అప్పీలు వేసిండు. పెంచింది ఎక్కువైందని సర్కారు కూడ అప్పీలు వేసింది. అంటె ఒక్క తీర్పు మీద రెండు అప్పీళ్లు, రెండు నంబర్లు. ఇది గుర్తుపెట్టుకోండి.

కొన్నేండ్లు గడిచినంక ఒక అధికారి కబురు పంపిండు. "నువ్వు వాపసు తీసుకో, మేమూ తీసుకుంటం, కింది కోర్టు చెప్పిన పైసలు నీకొస్తయి" అన్నడు. పెద్దబాపు నమ్మిండు. వకీలు సాబ్ మెమో రాసిండు, ఈయన నిశాని పెట్టిండు. కోర్టు ఒక్క వాక్యం రాసింది: అప్పీలు ఉపసంహరించుకున్నందున కొట్టివేయడమైనది. ఇంటికొచ్చి కేసు అయిపోయిందని అందరికీ చెప్పిండు. కోళ్లు కోసిన్రు.

సర్కారు అప్పీలు మాత్రం అట్లనే ఉన్నది. దాన్ని ఎవరూ వాపసు తీసుకోలె. నోటీసొస్తె, అది పాత కాయితమే అనుకోని మా ఇంట్ల దూలం సందుల పెట్టిన్రు. మనతరఫు వకీలు లేకుంటనే వాదన జరిగింది, ధర తగ్గింది. పెంచమన్న అప్పీలు చేతులు లేదు. తగ్గించొద్దని చెప్పే నోరు కోర్టుల లేదు. పెద్దబాపు చచ్చిపోయేదాక ఒక్కటే అడిగిండు: "ఇద్దరం అనుకున్నం గదరా, నాదొక్కటే ఎట్ల పోయింది?"

ఆయనకు చెప్పలేకపోయిన జవాబు ఇయ్యాల మీకు చెప్తున్న.

వాపసు అంటె రాజీ కాదు

అప్పీలు వాపసు తీసుకున్ననాడు పై కోర్టు మీరు చెప్పింది తప్పనలె, ఒప్పనలె. అసలు విషయంలకే పోలె. మరి ఏమైతది? కింది కోర్టు డిక్రీ ఎట్లున్నదో అట్ల నిలబడతది. అదే ఆఖరు అయితది. మీరు ఏ తీర్పు మీద కొట్లాడుతున్నరో, మీ సంతకంతోని ఆ తీర్పుకే ప్రాణం పోసినట్టు. దాంతోపాటు అప్పీలుల తెచ్చుకున్న స్టే కూడ పోతది. ఎదుటోడు తెల్లారి అమలు పిటిషన్ వెయ్యొచ్చు. డిక్రీ అమలు చేయించుకునేటందుకు ఆయనకు 12 ఏండ్ల గడువు ఉంటది.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌ల 23వ ఆర్డరు దావాల వాపసు గురించి చెప్తది. అప్పీళ్లకు కూడ అదే సూత్రం నడుస్తది. షరతు ఏదీ పెట్టకుంట అప్పీలు వాపసు తీసుకుంటనన్న మనిషిని కోర్టు పట్టి ఆపజాలదని 1963లో బిజయానంద పట్నాయక్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. అది ఎన్నికల అప్పీలు. అంటె తలుపు తీసుకోని బయటికి పోవుడు మీ ఇష్టం, కోర్టు ఎందుకని అడగది. కష్టమంతా మళ్ల లోపటికి వచ్చేకాడ ఉంటది.

మళ్ల వేద్దామంటె మొదటి అడ్డం గడువు. సివిల్ అప్పీలుకు హైకోర్టుల 90 రోజులు, మిగతా కోర్టుల 30 రోజులు. కొత్త భూసేకరణ చట్టం, అంటె 2013 చట్టం కింద హైకోర్టుకు పోయేటందుకు 60 రోజులు. మీరు వాపసు తీసుకునేటప్పటికి ఆ గడువు ఎప్పుడో దాటి ఉంటది. రెండో అడ్డం ఇంకా గట్టిది. అనుమతి తీసుకోకుంట రిట్ పిటిషన్ వాపసు తీసుకున్నోడు అదే విషయం మీద హైకోర్టుల మళ్ల రిట్ వెయ్యొద్దని 1986లో సర్గుజా ట్రాన్స్‌పోర్ట్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టుల వేసే స్పెషల్ లీవ్ పిటిషన్‌కు కూడ అదే సూత్రమని 1999లో ఉపాధ్యాయ అండ్ కంపెనీ కేసుల చెప్పింది. కోర్టులు ఆటస్థలాలు కావు, ఒక బెంచి ముందర తీసి ఇంకో బెంచి ముందర పెడతమంటె నడవదని దాని భావం.

అందుకే వకీళ్లు "లిబర్టీ" అంటరు. మళ్ల వేసుకునే స్వేచ్ఛ. ఆ మాట మెమోల ఉంటె సరిపోదు, కోర్టు ఇచ్చే ఆర్డర్ల ఉండాలె. ఆర్డరు కాపీ తీసుకోని చదివించుకోండి. వకీలు నోటితోని చెప్పింది ఆర్డరు కాదు.

ఇంకో తేడా కూడ ఉన్నది. అప్పీలును వాపసు తీసుకునుడు వేరు, అప్పీలు నడుస్తుండంగ మొదటి దావానే వాపసు తీసుకొని కొత్త దావా వేస్తననుడు వేరు. రెండోది అంత సులువు కాదు. కింది కోర్టుల గెలిచినోనికి ఒక హక్కు పుట్టి ఉంటది, దాన్ని తుడిచేసే అనుమతి జాగ్రత్తగ ఇయ్యాలని 2000లో భూపతి, కోకిల కేసుల సుప్రీంకోర్టు హెచ్చరించింది. ఈ రెండింటినీ ఒక్కటే అనుకోని సంతకం పెట్టిన మనుషులను నేను చూసిన.

ఇప్పుడు మా పెద్దబాపు ప్రశ్నకు రండి. ఆయన అప్పీలు వాపసు అయితె సర్కారు అప్పీలుకు ఏమీ కాదు. రెండు నంబర్లు, రెండు ప్రాణాలు. ఇద్దరూ వదులుకోవాలనుకుంటె రెండు కేసుల్ల ఒక్కటే రోజు, ఇద్దరి సంతకాలతోని రాజీ పత్రం దాఖలు కావాలె. 23వ ఆర్డరు 3వ రూలు రాజీ రాతపూర్వకంగ ఉండాలె, పార్టీలు సంతకం పెట్టాలె అంటది. నోటి మాటకు ఆడ విలువ లేదు.

దీనికి తిరుగుడు కూడ ఒకటున్నది, అది మనకు పనికొచ్చేది. సర్కారు అప్పీలు వేసినప్పుడు మనం విడిగ అప్పీలు వెయ్యకపోయినా, నోటీసు అందిన నెలలోపల ఎదురు అభ్యంతరాలు వెయ్యొచ్చు. వాటిని క్రాస్ ఆబ్జెక్షన్స్ అంటరు. 41వ ఆర్డరు 22వ రూలు. తెల్లారి సర్కారు తన అప్పీలు వాపసు తీసుకున్నా మన అభ్యంతరాలు బతికే ఉంటయి, కోర్టు వాటిని వినొచ్చు. వాళ్లు ఎల్లిపోతె మన కేసు కూడ ఎల్లిపోతదని భయపడొద్దు.

ముల్కీ కేసు నేర్పిన పాఠం

ఇది ఒక్క రైతు సంగతి అనుకుంటున్నరా? ఉద్యోగ మిత్రులు జర ఇటు చూడండి.

1969 మార్చి 28న సుప్రీంకోర్టు 1957 నాటి నివాస అర్హత చట్టంల మన రక్షణకు ఆధారమైన సెక్షన్‌ను కొట్టేసింది. తర్వాత నిజాం కాలపు ముల్కీ నిబంధనలు ఇంకా బతికి ఉన్నయా లేవా అనే కొట్లాట మొదలైంది. 1972 ఫిబ్రవరి 14న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి నలుగురు ఒకదిక్కు, ఒక్కరు ఒకదిక్కుగా అవి అమల్ల లేవని చెప్పింది. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీలు పోయింది. వేసింది ఎవరు? రాష్ట్ర సర్కారు. పరిశ్రమల శాఖ డైరెక్టర్ పేరు మీద. 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసి ముల్కీ నిబంధనలు చెల్లుతయని చెప్పింది.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఫిబ్రవరికి, అక్టోబర్‌కు నడుమ అప్పీలు సర్కారు చేతుల ఉన్నది. ఒత్తిడికి తలొగ్గి ఒక మెమోతోని వాపసు తీసుకుంటె? ఎదుటి పక్షం వద్దనేది కాదు, వాళ్లకు కావాల్సింది అదే. ఇంకెవరూ పైకి పోకుంటె ఫుల్ బెంచి తీర్పే మిగిలేది. ముల్కీ నిబంధనల మీద బతుకు ఆధారపడ్డ తెలంగాణ నిరుద్యోగి పేరు ఆ అప్పీలుల పార్టీగా లేదు. హక్కు మనది, దాన్ని అడిగే కాయితం ఇంకొకరిది.

గెలిచిన తీర్పు కూడ మనకు దక్కలేదు, అది వేరే దుఃఖం. జై ఆంధ్ర ఆందోళన వచ్చింది, 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది, ముల్కీ నిబంధనలనే చట్టం చేసి రద్దు చేసిన్రు, 371-డి వచ్చింది, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. అయినా ఆ అక్టోబర్ తీర్పు రికార్డుల ఉన్నది. ఈ రక్షణ మాకు హక్కుగా ఉండె అని తర్వాతి తరాలు చెప్పుకునేటందుకు అదొక ఆధారమైంది. తీర్పు రాకముందే వాపసు అయిన కేసుకు ఆ విలువ ఉండదు. అది చరిత్రల ఒక నంబరు మాత్రమే.

కృష్ణా నీళ్లకాడ ఏమైంది?

వాపసు అన్నప్పుడల్లా మోసమే అని కూడ నేను అనను. ఒకదాన్ని వదిలితెనే ఇంకొకటి కదిలే సందర్భాలు ఉంటయి. కృష్ణా జలాల సంగతి అటువంటిదే. అది అప్పీలు కాదు, సుప్రీంకోర్టుల వేసిన పిటిషన్. సూత్రం మాత్రం ఒక్కటే.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. జులైల మన సర్కారు 1956 అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం 3వ సెక్షన్ కింద కేంద్రానికి ఫిర్యాదు చేసింది. కేంద్రం కదలకపోతె 2015లో సుప్రీంకోర్టుకు పోయింది. తర్వాత ఆ కేసు పెండింగులనే ఉన్నది కాబట్టి మేమేం చెయ్యలేమని కేంద్రం అనుడు మొదలుపెట్టింది. కదిలించేటందుకు వేసిన కేసే కదలకపోవుటకు సాకు అయింది. 2020 అక్టోబర్ 6న అపెక్స్ కౌన్సిల్ సమావేశంల పిటిషన్ వాపసు తీసుకునేటందుకు రాష్ట్రం ఒప్పుకున్నది. 2021 అక్టోబర్‌ల సుప్రీంకోర్టు వాపసుకు అనుమతిచ్చింది. కేంద్ర మంత్రివర్గం బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు అప్పజెప్పేటందుకు ఒప్పుకున్నది ఎప్పుడు? 2023 అక్టోబర్ 4న. వాపసు తీసుకున్నంక ఇంకా రెండేండ్లు. దాని మీద ఆంధ్రప్రదేశ్ మళ్ల సుప్రీంకోర్టుకు పోయింది. 811 టీఎంసీల్ల 299 మనకు, 512 వాళ్లకు అని 2015లో తాత్కాలికమని చెప్పి రాసుకున్న లెక్క ఏండ్ల తరబడి మన నెత్తి మీదనే ఉండె.

ఇండ్ల రెండు సంగతులున్నయి. ఒకటి, మా పెద్దబాపు లెక్క రాష్ట్రం తన హక్కును పోగొట్టుకోలె. ఎందుకంటె పిటిషన్ పోయినా 3వ సెక్షన్ కింది ఫిర్యాదు బతికే ఉన్నది. వాపసు తీసుకునే ముందు "నా అసలు హక్కు ఈ కాయితంలనే ఉన్నదా, బయట వేరే ఉన్నదా?" అని అడగాలె. రెండోది, రాష్ట్ర సర్కారుకు ఇచ్చిన మాటకే రెండేండ్లు పడితె, నాలుగెకరాల రైతుకిచ్చిన మాటకు ఎన్నేండ్లు? ఎదుటోడు చేసే పనికి తేదీ లేకుండ మన కేసును వదలొద్దు.

యూనియన్ కేసుల్ల సంతకం ఎవరిది?

ఇక సంఘాల సంగతి. సీనియారిటీ కేసు, ప్రమోషన్ల కేసు, ఊరుమ్మడి భూమి కేసు. వందల మంది తరఫున నలుగురి పేర్ల మీద వేస్తరు. ఆ నలుగురిల ఒకరికి ప్రమోషన్ వచ్చిందో, ఇంకొకరికి బదిలీ కావాలనో ఒకనాడు మెమో పడుతది. మిగతా వందల మందికి పత్రికల చూసినంక తెలుస్తది.

దీనికి చట్టంల మందు ఉన్నది. అందరి తరఫున 1వ ఆర్డరు 8వ రూలు కింద దావా వేసి ఉంటె, సంబంధం ఉన్నోళ్లందరికీ నోటీసు ఇయ్యకుండ దాన్ని వాపసు తీసుకోరాదు, రాజీ పడరాదు. కలిసి వేసిన దావాను మిగతావాళ్ల ఒప్పుకోలు లేకుండ ఒక్కడే వాపసు తీసుకునేటట్టు కోర్టు అనుమతి ఇయ్యరాదు. మైనర్ తరఫున వేసిన దావాకు కోర్టు అనుమతి కావాలె. సమస్య ఏందంటె మన సంఘాలు చాలసార్లు ఈ పద్ధతిల వెయ్యవు. సొంత పేర్ల మీద వేస్తయి. అప్పుడు ఆ రక్షణ ఉండది. అందుకే కేసు వేసేనాడే అడగండి: ఇది అందరి కేసా, నలుగురి కేసా? మన హక్కు ఇంకొకరి అప్పీలు మీద ఆధారపడి ఉంటె, వాళ్లు వాపసు తీసుకునే లోపలనే మనల్ని కూడ పార్టీగా చేర్చమని అడగాలె. పార్టీ కానోడు కూడ తీర్పుతోని నష్టపోతె కోర్టు అనుమతితోని సొంతంగ అప్పీలు వెయ్యొచ్చు.

సర్కారు తీసుకోవాల్సిన వాపసు

ఇప్పటిదాక మనం వాపసు తీసుకునుడు గురించి చెప్పిన. సర్కారు వాపసు తీసుకోవాల్సిన అప్పీళ్ల గురించి కూడ అడగాలె గదా.

1894 చట్టం కింద పెరిగిన పరిహారం మీద భూమి తీసుకున్న నాటి నుంచి మొదటి ఏడు 9 శాతం, తర్వాత 15 శాతం వడ్డీ ఉంటది. గెలువని అప్పీలును పదేండ్లు సాగదీస్తె ఆ వడ్డీ కట్టేది ఆఫీసరు జేబుల నుంచి కాదు, మన పన్నుల నుంచి. రైతుకు సమయానికి పైసలు రావు, ఖజానాకు లాభం లేదు. స్టే కావాలంటె సగం డిపాజిట్ చెయ్యమని కోర్టులు అంటుంటయి. ఆ సగంతోని బిడ్డ పెండ్లి చేసి, మిగతా సగం కోసం చచ్చేదాక చూసిన రైతులు ఈ సభల కూడ ఉన్నరు.

ఇండ్ల ఇంకొక మెలిక ఉన్నది. పాత చట్టం 28-ఎ సెక్షన్ కింద, కోర్టుకు పోలేని పక్కచేను రైతు కూడ, అదే నోటిఫికేషన్ల భూమి పోయి ఉంటె, కోర్టు ధర పెంచిన మూడు నెలలల దరఖాస్తు పెట్టుకొని ఆ ధర అడగొచ్చు. అంటె ఒక్క రైతు మీద సర్కారు వేసిన అప్పీలు ఊరంతటినీ ఆపుతది. ఆ ఒక్క అప్పీలు వాపసు అయితె ఊరంతటికీ దారి తెరుసుకుంటది. తెలంగాణ వస్తె మన సర్కారు మన రైతు మీద అప్పీలుకు పోదనుకున్నం. ఆ ఆశను గుర్తుచేసుడు మన బాధ్యత. ఏ అప్పీలు న్యాయమైంది, ఏది అలవాటుకొద్ది వేసింది అని కేసువారీగ తేల్చి, రెండో రకాన్ని వాపసు తీసుకోవాలని ఈ సభ నుంచి అడుగుదాం.

లోక్ అదాలత్ దారి కూడ ఉన్నది. అక్కడ రాజీ అయితె కోర్టు ఫీజు వాపసు వస్తది, అవార్డు డిక్రీతో సమానం. అయితె దాని మీద అప్పీలు లేదు. కాబట్టి అక్కడ కూడ తొందర పడొద్దు. వడ్డీ ఎంత, ఏ తేదీ దాక, ఎన్ని రోజుల్ల కడతరు, కట్టకుంటె ఏంది అన్నవి అవార్డుల రాయించుకున్నంకనే నిశాని పెట్టండి.

సంతకం పెట్టేముందు

చివరకు నాలుగు మాటలు. విద్యార్థి మిత్రులు రాసుకోని ఊళ్లె చదివి వినిపించాలె.

ఒకటి. ఈ అప్పీలు పోతె కింద ఏ తీర్పు మిగులుతది? దానితోని బతకగలమా? బతకలేకపోతె సంతకం వద్దు.

రెండు. ఎదుటోని అప్పీలు నంబరు ఏంది? అది కూడ అదే రోజు పోతున్నదా? పోకపోతె మన వకీలు దాంట్ల ఉన్నడా?

మూడు. ఇస్తమన్నది రాతల ఉన్నదా, తేదీ ఉన్నదా, కోర్టు ఆర్డర్ల ఉన్నదా? మళ్ల వేసుకునే స్వేచ్ఛ అడిగితె, ఇచ్చినట్టు ఆర్డర్ల కనబడుతున్నదా?

నాలుగు. ఇది నా ఒక్కని హక్కా, నా వెనక ఇంకెవరన్న ఉన్నరా? ఉంటె వాళ్లకు చెప్పినమా?

వకీలు మీద మొత్తం వదిలెయ్యొద్దు. క్లయింటు హక్కును ప్రభావితం చేసే మాట కోర్టుల ఒప్పుకునే ముందు వకీలు క్లయింటు నుంచి స్పష్టమైన సూచన తీసుకోవాలని 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ సొసైటీ కేసుల సుప్రీంకోర్టే చెప్పింది. వకీలు సాబ్‌ను అడుగుడు అవమానించుడు కాదు, మన హక్కు. పొరపాటున వాపసు అయిపోతె అంతా పోయిందని కూచోవద్దు. వాపసునే వాపసు తీసుకుంటమంటె, తగిన కారణం ఉంటె, 151 సెక్షన్ కింద కోర్టు ఒప్పుకోవచ్చని 2006లో జెట్ ప్లైవుడ్ కేసుల చెప్పిన్రు. కాని దానికి తొందరగ పోవాలె, మోసమో పొరపాటో చూపెట్టాలె. మా ఇంట్ల ఆ కాయితం దూలం సందుల నుంచి తీసేటప్పటికి ఏండ్లు గడిచినయి.

మిత్రులారా, 1956ల మనకు పెద్దమనుషుల ఒప్పందం ఇచ్చిన్రు. మాట మీద నమ్మకం పెట్టి చేరినం. ఆ మాటను అడిగే కోర్టు లేకపోయె, ఆరు దశాబ్దాలు రోడ్ల మీద అడిగినం. అందుకే నోటి మాట మీద హక్కును వదులుకునుడు అంటె ఏందో ఈ దేశంల అందరికంటె మనకు ఎక్కువ తెల్వాలె. రాష్ట్రం తెచ్చుకున్న జాతి నాలుగెకరాల కాయితంకాడ మోసపోవద్దు.

కొట్లాటల ఎనుకకు తగ్గుడు తప్పు కాదు. ఎందుకు తగ్గుతున్నమో, తగ్గితె ఏం మిగులుతదో తెల్వకుండ తగ్గుడే తప్పు. మా పెద్దబాపుకు ఎవరూ చెప్పలె. మీరు మీ పెద్దబాపులకు చెప్పండి.

జై తెలంగాణ.